రేకుల ఇంట్లో ఐరిష్ కుక్క: పెంపకపు చిట్కాలు

పేరులోనే కాటు పెట్టుకున్న ఊరు మాది, హైదరాబాద్‌లో ఫ్యాక్టరీల పేట. అలాంటి కాటేదాన్‌లో ఇంటికో కుక్క లేకపోతే ఏం బాగుంటుంది? అయితే ఏ కుక్కను తేవాలన్నదే ప్రశ్న. పొమెరేనియన్ నానమ్మల కాలం నాటిది. లాబ్రడార్ పక్కింట్లో ఉంది కాబట్టి మనకు పనికిరాదు. కాస్త పరువున్న కుటుంబం ఐర్లాండ్ కుక్కనే తెచ్చుకోవాలి. ఆ దేశానికి సొంత జాతులు తొమ్మిది. టెర్రియర్లు నాలుగు, సెట్టర్లు రెండు, వాటర్ స్పానియల్ ఒకటి, కెర్రీ బీగిల్ ఒకటి, అన్నిటికన్నా ఎత్తున వుల్ఫ్‌హౌండ్. సలహా చెప్పడానికి నీకేం అర్హత అంటారా? పదిహేనేళ్ళుగా ప్లాస్టిక్ దానా, అంటే గుళికల వ్యాపారంలో ఉన్నాను. దానా తెలిసినవాడికి దాణా తెలియదా?

ముందుగా ఇంటిని కొలవకండి. కొలిస్తే మనసు మారుతుంది. నేరుగా వుల్ఫ్‌హౌండ్‌కే వెళ్ళండి. మగది భుజం దగ్గరే కనీసం 79 సెంటీమీటర్లు ఉండాలని దాని ప్రమాణం. బరువు 54.5 కిలోలకు తగ్గదు. వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే మీ ఫ్యాన్ రెక్కలను పలకరించగలదు. రెండు గదుల కిరాయి ఇంట్లో అది తిరిగి పడుకోవాలంటే ఇంకెవరో లేచి నిలబడాలి. దీనివల్ల కుటుంబంలో సర్దుకుపోయే గుణం పెరుగుతుంది. తోక ఒక్క ఊపు ఊపితే టీపాయ్ మీది గ్లాసులన్నీ కింద ఉంటాయి. స్టీలు గ్లాసులు కొనండి.

బంధువులు వచ్చినప్పుడు చరిత్ర చెప్పాలి. నాలుగో శతాబ్దం చివర్లో రోమ్‌లో సిమ్మాకస్ అనే పెద్దమనిషికి ఏడు ఐర్లాండ్ కుక్కలు కానుకగా వస్తే నగరమంతా నోరు తెరుచుకుని చూసిందట. ఇక్కడితో ఆపేయండి. తర్వాతి సంగతి మన పరువుకు మంచిది కాదు. ఐర్లాండ్‌లో చివరి తోడేలు 1786 ప్రాంతంలో చచ్చిపోయింది. వేటాడటానికి తోడేలే లేనప్పుడు ఈ కుక్కతో ఎవరికి పని? జాతి దాదాపు అంతరించింది. 1860ల నుంచి కెప్టెన్ జార్జ్ గ్రాహమ్ అనే ఆయన మిగిలిన కొద్దివాటినీ వెతికి పట్టుకుని, స్కాట్లాండ్ డీర్‌హౌండ్‌తోనూ గ్రేట్ డేన్‌తోనూ కలిపి మళ్ళీ నిలబెట్టాడు. 1885లో క్లబ్బు పెట్టారు. అంటే మీరు రెండు వేల ఏళ్ళ వంశం అనుకుని తెచ్చేది మన పాత ఇనుప సామాన్ల గల్లీలో కట్టిన ఇంజిన్ లాంటిదే. బ్లాక్ ఒకచోటిది, పిస్టన్ ఇంకోచోటిది. నడుస్తుంది, అది వేరే విషయం.

ఆయుష్షు ఆరేడేళ్ళు. పాప ఒకటో తరగతిలో చేరిన రోజున తెస్తే ఏడో తరగతికల్లా పాపకు చావు అంటే ఏమిటో మీరు విడిగా చెప్పే పనుండదు. గుండె కండరం సాగిపోయే జబ్బు, ఎముక క్యాన్సర్ ఈ జాతిని ఎక్కువగా పట్టుకుంటాయి. త్వరగా ఎదగాలని కూనకు కాల్షియం పొడి గరిటెలతో పెట్టండి. కీళ్ళు వంకర తిరిగితే వేగంగా ఎదిగినట్టు లెక్క.

ఎలా తెప్పించాలి? విమానాశ్రయం మన పక్కనే ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ అమ్ముకోవడానికీ పిల్లలు పెట్టించడానికీ విదేశీ కుక్కను తేవడం కుదరదు. బయట రెండేళ్ళు ఉండి, మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చేవాళ్ళు తమ పెంపుడు జంతువులను తెచ్చుకోవచ్చు. ఆరోగ్య పత్రం, టీకాల చిట్టా, పశు క్వారంటైన్ వాళ్ళ అనుమతి కావాలి. కాబట్టి ముందు డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ చేసే బావమరిదిని సంపాదించండి, తర్వాత ఆయన ఉద్యోగం పోవాలని మొక్కుకోండి. ఇంత ఓపిక లేదా? ఫోన్లో ఫోటోలు పంపే మధ్యవర్తి ఉండనే ఉన్నాడు. అతన్ని కాగితాలు అడగకండి, తల్లి కుక్కను చూపించమనీ అనకండి. అడిగితే ధర తగ్గదు, స్నేహం తగ్గుతుంది. ఆరు నెలల తర్వాత మీ వుల్ఫ్‌హౌండ్ మోకాలి ఎత్తు దాటకపోతే గాలి మార్పు అనుకోండి.

ఇక వాతావరణం. ఐర్లాండ్‌లో ఇప్పటిదాకా నమోదైన అతి పెద్ద ఎండ 33.3 డిగ్రీలు, అది కూడా 1887లో, కిల్కెనీలో. మన దగ్గర ఆ అంకె శివరాత్రి వెళ్ళగానే వచ్చి కూర్చుంటుంది. హైదరాబాద్ 1966 జూన్‌లో 45.5 చూసింది. అది కూడా బయట గాలి లెక్క. రేకుల కింద, పక్కన రబ్బరు బట్టీ నడుస్తుంటే ఎంత ఉంటుందో కొలిచే ధైర్యం ఎవరికీ లేదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త తడి తప్ప, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి వగర్చే పోగొట్టుకోవాలి. అందుకే దాన్ని అలవాటు చేయాలి. మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి తారురోడ్డు మీద నడిపించండి. అరికాళ్ళు బొబ్బలెక్కితే రోడ్డు నాణ్యత మీద ఫిర్యాదు రాయండి. ఒంటి బొచ్చు మొత్తం గొరిగించేయండి. ఆ బొచ్చే ఎండ చర్మానికి తగలకుండా ఆపే గొడుగు అని డాక్టర్లు అంటారు గానీ, మనకు ఎండాకాలం గుండు అలవాటే కదా. కూలర్ కొనేది మాత్రం కుక్కకే. మీరు డాబా మీద పడుకోండి.

భోజనం కడుపునిండా ఒకేసారి పెట్టి, వెంటనే సర్వీస్ రోడ్డు వెంట పరుగెత్తించండి. వుల్ఫ్‌హౌండ్, సెట్టర్ లాంటి లోతైన ఛాతీ కుక్కలకు కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. తిరిగితే గంటల్లో ఆపరేషన్ జరగాలి, లేదంటే దక్కదు. ఆదివారం రాత్రి పదకొండింటికి ఎవరికి ఫోన్ చేయాలో ముందే కనుక్కుని పెట్టుకోవద్దు, ఉత్కంఠ పోతుంది. మిగిలిన బిర్యానీ పారేయకుండా బొక్కలతో సహా వేయండి. ఉడికిన బొక్క చీలి పేగుల్లో గుచ్చుకుంటుందనీ, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి పడవనీ చెప్పేవాళ్ళు బిర్యానీ తిననివాళ్ళు.

అంత పెద్దది వద్దనుకుంటే ఐరిష్ సెట్టర్. ఆ ఎర్రటి నునుపు చూసి సోఫా కవర్లకు సరిపోతుందని కొన్నవాళ్ళుంటారు. పిట్ట కనబడితే వంగి, బిగుసుకుని వేటగాడికి చూపించడం దాని కులవృత్తి. మా రేకుల షెడ్ల మీద పావురాలు వందల్లో ఉంటాయి కాబట్టి అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటి కాలి మీద నిలబడే ఉంటుంది, ఒకరకంగా తపస్సు. రోజూ గంటకు తక్కువ కాకుండా పరుగెత్తకపోతే పిచ్చెక్కినట్టు చేస్తుంది. చిన్నపిల్లల మీద ప్రేమ చూపించబోయి బోర్లా పడేస్తుంది. నానమ్మ మడి కట్టుకుని తులసి కోట దగ్గర ఉన్నప్పుడే వదలండి.

వాటర్ స్పానియల్‌కు ఒంటినిండా రింగురింగుల జుట్టు, తోక మాత్రం ఎలుక తోక. నీళ్ళు కనబడితే ఆగదు. మనకు నూర్ మహమ్మద్ కుంట ఉంది. ఫ్యాక్టరీల నీళ్ళు ఏళ్ళ తరబడి అందులో చేరాయి. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2008లో రాశారు. ఈతకు దింపండి. స్నానానికి వేరే సబ్బు అక్కర్లేదు, నురగ కుంటలోనే దొరుకుతుంది.

టెర్రియర్ల గురించి ఎక్కువ చెప్పను. కెర్రీ బ్లూ కూన పుట్టినప్పుడు నల్లగా ఉంటుంది, నీలిబూడిద రంగు తేలడానికి రెండేళ్ళ దాకా పట్టొచ్చు. మోసపోయామని ఆరో నెలలోనే గొడవకు దిగండి. ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన మైఖేల్ కాలిన్స్ అలాంటి కుక్కనే పెంచి దానికి ‘కన్విక్ట్ 224’ అని పేరు పెట్టాడు. మీరు టైగర్ అనే పెట్టండి. వీటన్ టెర్రియర్ జుట్టు రాలదు గానీ రోజూ దువ్వాలి, కాటేదాన్ దుమ్ములో రెండు పూటలా. ఐరిష్ టెర్రియర్ సాటి కుక్కతో కొట్లాటకు వెనకాడదు. పొట్టి కాళ్ళ ఇమాల్ టెర్రియర్ భూమి తవ్వుతుంది. గోదాములో పందికొక్కులకు మంచి మందే, కేబుల్ వైరు కూడా పందికొక్కే అనుకుంటుంది.

కాపలా మాటేమిటని మా ఆవిడ అడిగింది. వుల్ఫ్‌హౌండ్ ఆకారం చూసి దొంగ పారిపోవాలే తప్ప, దగ్గరికొస్తే చేయి నాకుతుంది. అంత మెత్తన. 2020 మే 14న, లాక్‌డౌన్ రోజుల్లో, మా అండర్‌పాస్ దగ్గర జాతీయ రహదారి మీద చిరుతపులి వచ్చి కూర్చుంది. ఒక లారీ డ్రైవర్ కాలు పట్టుకుంటే ఆయన లారీలోకి ఎక్కి ప్రాణం దక్కించుకున్నాడు. టీవీలన్నీ చూపించాయి. అప్పుడు చిరుతకు ఎదురు వెళ్ళి మొరిగినవి ఇక్కడి వీధి కుక్కలు. ఎవరూ పిలవలేదు, పేరు పెట్టలేదు, బిస్కెట్ వేయలేదు. చిరుత పక్కనున్న తోటలోకి దూకి పోయింది. ఇలాంటి వీధి కుక్కలను ఇంట్లోకి రానివ్వకండి. మిగిలిన చపాతీ తింటాయి, మే నెలలో నాలాపక్క నీడ అవే వెతుక్కుంటాయి, కూలర్ అడగవు. అతిథులకు ఏం చెబుతాం?

రేబీస్ టీకా మాత్రం వేయించాల్సిందే, ఇందులో నా సొంత తెలివి వాడలేదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రి దగ్గరే. పొద్దున్నే వెళ్ళండి. మీ ముందు ఒక పిల్లవాడు గోధుమరంగు కుక్కను తాడుతో పట్టుకుని నిలబడతాడు. జాతి ఏమిటని అడిగితే వాడు ‘మా గల్లీది’ అంటాడు. చిట్టీలో ‘నాన్ డిస్క్రిప్ట్’ అని, అంటే ఫలానా జాతి కాదని పడుతుంది. మీ వంతు రాగానే ‘ఐరిష్ వుల్ఫ్‌హౌండ్’ అని స్పెల్లింగుతో సహా చెప్పండి. గట్టిగా చెప్పండి, వరసలో చివరివాళ్ళకూ వినబడాలి. ఈలోపు మీ కుక్క ఆ గల్లీ కుక్క వెనక దాక్కుంటే తాడు కొంచెం వదులు చేయండి.