చెయ్యే సెంటరండి, ఆయ్!

అమలాపురం, రాజోలు, కొత్తపేట రోడ్ల పక్కన లేతు షాపుల్లో ఒక రకం మేస్త్రిగారు ఉంటారు. ఆయన మిషన్‌కి జాబ్ రెండో కొసకి ఆసరా ఇచ్చే టెయిల్ స్టాకు లేక కాదు, ఉంది. బెడ్డు చివరికి నెట్టేసి ఉంది. దాని చక్రానికి తువ్వాలు, నెత్తిన టీ గ్లాసు. రొయ్యల చెరువు ఏరియేటర్ షాఫ్టు తెస్తే చక్‌లో బిగించి, మూరెడు బయటికి వదిలేసి మోటారు వేస్తారు. వెనక ఆసరా పెట్టరా అంటే, "అది ఐటీఐ పిల్లలకండి. మనకి చెయ్యే సెంటరండి, ఆయ్!" అని తేల్చేస్తారు. మర్యాదకి లోటుండదు, లోటంతా షాఫ్టు రెండో కొసనే.

ఆ చెయ్యి గొప్పదే, కాదనలేం. బుష్షు ఎంత అరిగిందో గోటితో తడిమి చెప్పగలదు. కానీ ఇనుము అనుభవాన్ని చూడదు, పొడవు చూస్తుంది. చక్ బయట పొడవు రెట్టింపైతే అదే ఒత్తిడికి కొస ఎనిమిది రెట్లు వంగుతుంది. అందుకే వ్యాసానికి మూడు నాలుగు రెట్లు దాటిన జాబ్‌కి టెయిల్ స్టాకులో మొనదేలిన సెంటర్ పెట్టి ఆసరా ఇమ్మంటారు. సాక్ష్యం కోసం ప్రమాదం దాకా ఆగక్కర్లేదు, మైక్రోమీటర్ చాలు. ఆసరా లేని కొస టూల్‌కి దొరక్కుండా తప్పుకుంటుంది గనక అక్కడ షాఫ్టు లావుగా మిగులుతుంది. ఆ సంగతి మేస్త్రిగారికీ తెలుసు. కాబట్టే తిరుగుతున్న షాఫ్టుకి ఎమరీ కాగితం చుట్టి, గుప్పిట బిగించి రుద్దుతారు. కాగితం చుట్టుకుపోతే వేళ్లూ వెళతాయి. ఇక బేరింగ్ త్వరగా పోయిందా, తిట్లు బేరింగ్ కంపెనీకి.

"ముప్పై ఏళ్లలో ఏం కాలేదు కదండీ" అంటారు. టూల్ కరిచి షాఫ్టు ఊడిపడటానికి సీనియారిటీతో పనిలేదు. పొట్టి బుష్షుకి ఆసరా దండగ అంటే మాత్రం ఒప్పుకోవాల్సిందే. సెంటర్ పెట్టినా జాబ్ ఊడిందన్న వాదన కొంత నిజం, ఎందుకంటే సగం పెట్టడం అసలు పెట్టకపోవడం కన్నా ప్రమాదం. సెంటర్ డ్రిల్‌తో షాఫ్టు కొసన 60 డిగ్రీల గుంట సరిగా పడాలి. సెంటర్ మొన గుంట అడుగుని తాకకుండా పక్కలే ఆనాలి. సెంటర్‌ని పట్టుకునే టెయిల్ స్టాకు బ్యారెల్ మరీ బయటికి లాగకూడదు. టెయిల్ స్టాకునీ బ్యారెల్‌నీ రెండింటినీ బిగించి, చక్ ఒకసారి చేత్తో తిప్పి చూడాలి. అంతటితో అయిపోలేదు: మీటరు షాఫ్టు 30 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది, దారి లేక విల్లులా వంగుతుంది. మధ్యలో మిషన్ ఆపి సెంటర్ కాస్త వదులు చేసుకోవాలి. తిరగని సెంటరైతే గ్రీజు తప్పదు. తిరిగే మిషన్ దగ్గర బిగుతైన బట్టలుండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం ఆనాడే చెప్పింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపు ఆ చట్టం కిందికే వచ్చేది కాదు గనక మేస్త్రిగారి లుంగీకి అడ్డులేకపోయింది.

ఇందులో సగం తప్పు మనది. ఏరియేటర్ ఆగితే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య తేలిపోతుంది. అందుకని మేస్త్రిగారి నెత్తి మీద నిలబడి "ఎంతసేపండీ" అంటూనే ఉంటాం. ఈసారి షాఫ్టు ఇచ్చినప్పుడు రెండు కొసలకీ సెంటర్ గుంట వేయించండి, మళ్లీ రిపేరుకొచ్చినా అదే పనికొస్తుంది. దానికి ఆయన అడిగిన అదనపు కూలి దగ్గర బేరమాడకండి.