గుట్ట మీది గుండును

నేను గుండును. చైతన్యపురి ఫణిగిరి కాలనీలో, మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట నా ఇల్లు. మెట్రో దిగి అడిగితే గుడికి దారి చెప్పేవాళ్లు దొరుకుతారు గానీ, నా సంగతి తెలిసినవాళ్లు తక్కువ. హైదరాబాదు వయసెంతంటే చాలామంది చార్మినార్ కట్టిన 1591 నుంచి లెక్క మొదలుపెడతారు. అప్పటికే నా ఒంటి మీది అక్షరాలకు వెయ్యేళ్లు దాటాయి.

రాయిగా నా వయసు చెబితే నమ్మరు. ఈ ఊరి గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గట్టిపడ్డాం. పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడ్డాం. ఎండకూ వానకూ అంచులు రాలిపోయి గుండ్రంగా తేలాం. ఇంత ఆయుష్షులో నేను చెప్పుకోదగ్గ రోజులు రెండే. ఒకటి ఉలి తగిలిన రోజు, రెండోది నన్ను చదివిన రోజు.

ఉలి తగిలింది ఐదో శతాబ్దంలో. అది విష్ణుకుండినుల కాలం. ఆ వంశపు గోవిందవర్మ బౌద్ధులను ఆదరించిన రాజు. ఆ రాజు ఒక విహారానికి ఇచ్చిన దానాల మాట తుమ్మలగూడెంలో దొరికిన రాగి రేకుల మీద ఉంది. నా మీద ఉన్నది గోవిందరాజ విహారం పేరు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అందులో పిండపాతికులనే భిక్షువుల ప్రస్తావన ఉంది. అంటే, పాత్రలో పడిన అన్నమే తిని బతికే నియమం పట్టినవాళ్లు.

వాళ్ల దినచర్య చాలా సులువు, చాలా కష్టం కూడా. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్లోకి వెళ్లాలి. ఉన్నవాళ్ల ఇల్లూ లేనివాళ్ల ఇల్లూ అని ఎంచకుండా వరసగా ప్రతి గడప ముందూ నిలబడాలి. నోరు తెరిచి అడగకూడదు. పెట్టింది పుచ్చుకుని, మధ్యాహ్నం కాకముందే తినేయాలి. ఆ పూటకు వచ్చిందే ఆ పూటకు, రేపటికి దాచుకోవడం లేదు. గుట్ట దిగి, ఏటి పక్కనున్న ఊరు చుట్టి, మళ్లీ గుట్టెక్కడం. ఈ మధ్య ‘వారసత్వ నడక’ అని కొత్త మాట వింటున్నాను. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే అలాంటి నడకను ఇక్కడ భిక్షువులు పదిహేను వందల ఏళ్ల కిందటే రోజూ నడిచారు. తేడా ఒక్కటే, వాళ్లు నడవకపోతే ఆ పూట పస్తే.

విహారం పోయింది. బ్రాహ్మి చదివేవాళ్లూ పోయారు. నా మీది గీతలు ఏమిటో ఎవరికీ తెలియని కాలం వచ్చింది. పశువుల కాపరులు నా నీడన కూర్చుని గీతల మీద వేళ్లాడించేవారు. అప్పటికి గుట్ట మీద నరసింహస్వామి వెలిశాడు. కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, ప్రదక్షిణలు మొదలయ్యాయి. నా లెక్కలో నన్ను కాపాడింది అదే. చుట్టుపక్కల గుండ్లు ఎన్నో పగిలి పునాదుల్లోకీ ప్రహరీల్లోకీ వెళ్లిపోయాయి. దేవుడి గుట్ట మీద సుత్తి వేయడానికి మాత్రం చేతులు రాలేదు. నన్ను చదవగలిగినవాళ్లు పుట్టేదాకా నిలబెట్టింది, చదవలేకపోయినా మొక్కినవాళ్లే.

నా ఎదుట మూసీ కూడా చాలా మారింది. అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. 1908 సెప్టెంబరు 28న ఉగ్రరూపం దాల్చి నగరాన్ని ముంచి, వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చూసి, ఎగువన జలాశయాలు కట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, ఆ తర్వాత హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద అదుపులోకి వచ్చింది, మంచినీళ్లూ పైనే ఆగిపోయాయి. ఊరు పెరిగే కొద్దీ నా ముందు పారేది ఎక్కువగా ఊరు వదిలిన మురుగే అయింది.

ఆ మురుగే గడ్డిని పెంచింది. ఒడ్డు పొడుగునా మడులు కట్టి పారాగడ్డి నాటారు. ఒకసారి వేరు పట్టిందంటే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు, కోసిన కొద్దీ చిగురేస్తుంది. తెల్లవారకముందే మోకాలి లోతు నీళ్లలో దిగి కొడవళ్లతో కోసేవారు. కోసిన గడ్డి మోపులు కట్టి ఒడ్డున పడేస్తే, బర్రెలున్నవాళ్లు కొనుక్కుపోయేవారు. పట్నం తాగే టీలో ఈ గడ్డి పాలూ కలిసేవి. ఆ మడులు పచ్చగా చూడముచ్చటగా ఉంటాయి, దగ్గరికి వెళ్తే కంపు. రెండూ నిజమే.

ఇక రెండో రోజు సంగతి. 1980ల్లో శాసన పరిశోధకులు డాక్టర్ పి.వి.పరబ్రహ్మశాస్త్రి నా గీతలు గీతలు కావని లోకానికి చెప్పారు. శాసనానికి నకలు తీసే పద్ధతి చూడాల్సిందే. రాయిని నీళ్లతో కడిగి, తడిపిన కాగితం పరిచి, కుచ్చు బ్రష్‌తో కొడతారు. కాగితం అక్షరాల పల్లాల్లోకి దిగుతుంది. తడి కాస్త ఆరాక పైన సిరా మెత్తతో అద్దితే, రాయి మిట్ట నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. కంటికి ఆనని గీత కూడా కాగితం మీద పలుకుతుంది. అలా భాగ్యనగరం పుట్టక ముందరి ఒక విహారం పేరు బయటపడింది.

ఇప్పుడు నా చుట్టూ మేడలే. 2018 సెప్టెంబరు నుంచి కాలనీకి అవతల మెట్రో రైలు కూడా తిరుగుతోంది. మీరు రావాలనుకుంటే చైతన్యపురి స్టేషన్‌లో దిగి, గల్లీల గుండా ఉత్తరానికి, మూసీ వైపు నడవండి. గుట్టెక్కి స్వామికి మొక్కండి, మొక్కకపోయినా ఫర్వాలేదు, నన్ను మాత్రం చూడండి. నదికి ఎదురుగా నిలబడితే అవతల రామంతాపూర్, కుడిచేతి వైపు నాగోలు. కిందికి దిగి ఒడ్డున మిగిలిన పచ్చదనం చూసుకుంటూ నాగోలు వైపు సాగి, కొత్తపేట మీదుగా తిరిగి స్టేషన్ చేరుకోవచ్చు. దారిలో టిఫిన్ బండి దగ్గర ఆగండి. భిక్షువుల నియమం మీకు లేదు కదా.

వచ్చేటప్పుడు పొద్దున్నే రండి. ఎండ ఏటవాలుగా పడితేనే నా అక్షరాలు కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం వస్తే నేను ఉత్త బండను. ఫొటో బాగా పడాలని అక్షరాల్లో సుద్ద రుద్దకండి, నూనె పోయకండి, పక్కన మీ పేరు చెక్కకండి. మీ వెంట పిల్లలను తీసుకురండి, ఆ గీతలు ఏమిటో వాళ్లకు చెప్పండి. నరసింహస్వామి పుణ్యమా అని ఇంతకాలం గండం గడిచింది. ఇకమీదట నన్ను చదివినవాళ్లు కూడా నా చుట్టూ తిరగాలి. జనం వచ్చిపోయే చోట గుండును పగలగొట్టాలంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.