టచ్ ఎంత సామీ?

2025 ఆగస్టులో, వైకల్యం 40 శాతానికి తగ్గినోళ్లకు పింఛను ఆపేస్తామని సచివాలయాల నుంచి నోటీసులు దిగాయి. రాష్ట్రమంతటా లక్ష పైమాటే. అర్హులకు అన్యాయం జరగదని, కావాలంటే అప్పీలు చేసుకోమని అమరావతి నుంచి భరోసా కూడా దిగింది.

శాతం కొలిచే ఇంత సున్నితమైన పని డాక్టర్లకు అప్పజెప్పడమే పొరపాటు. ప్రొద్దుటూరు ఉన్నది ఎందుకు? జమ్మలమడుగు పెళ్లివారైనా, పులివెందుల అరటిరైతైనా బంగారం కావాలంటే ఇక్కడికి రావాల్సిందే. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపును ఎత్తుకొచ్చి బంగారు అంగళ్ల వీధిలో పెట్టండి. మనిషిని గీటురాయి మీద ఒక గీత గీసి, ఆసిడ్ చుక్క వేస్తే సరి, టచ్ (మేలిమి శాతం) తేలిపోతుంది. ‘39 టచ్. రాగి కలిసింది, తీసుకుపో సామీ!’ 40 వస్తే 6 వేల రకం. 85 దాటి మంచం దిగలేకపోతే 15 వేల రకం, అచ్చమైన అపరంజి. చిన్నప్పుడు పోలియోతో చచ్చుబడిన కాలికి ఒకసారి హాల్‌మార్క్ కొట్టేస్తే, మళ్లీ మళ్లీ పుటం పెట్టే పని తప్పుతుంది. పుటం పెట్టినప్పుడల్లా తరుగు పోతుంది కదా! ఆటో బాడుగ, తోడొచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలి. ఆ తరుగు ఎప్పుడూ సరుకు తెచ్చినోళ్ల లెక్కలోనే.

గిల్టు సరుకు లేదని నేననను. 2024 జూలైలో 3 వేల పింఛను 6 వేలయింది. ధర ఉన్నచోట గిల్టు ఉంటుంది. అందులో చేతికి మట్టి అంటని గిల్టు చెవుడు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి శబ్దం వినిపిస్తారు, వినబడితే చెయ్యెత్తాలి. ఎత్తకుండా కూర్చుంటే చెవుడు తయారు. తలకు తీగలంటించి, శబ్దానికి మెదడు ఉలికిపడుతోందో లేదో నేరుగా చూసే బెరా పరీక్షలో ఆ నటన సాగదు. రాయిని ఏమార్చొచ్చు, మిషన్ దగ్గర కష్టం.

సరే, గిల్టు బయటపడింది. అంగట్లో గిల్టు గొలుసు దొరికితే పోలీసులు ముందు అడిగేది ‘ఎవడు అమ్మాడు?’ అని. సదరం సర్టిఫికెట్‌ను ఎవడూ ఇంట్లో పోత పోసుకోలేడు. దానికొక సంతకం కావాలి, సంతకానికొక దళారి, దళారికొక మజూరీ. నోటీసు మాత్రం పింఛనుదారు గడప దగ్గరే ఆగిపోయింది.

ఇక, వినబడుతూనే చెయ్యెత్తకుండా కూర్చున్న పెద్దమనిషీ! నెలకు 6 వేలు తిన్నావు, తిను. కానీ నిజంగా వినబడని ఆడబిడ్డ రేపు క్యాంపులో కూర్చుంటే, డాక్టరు ఆమె వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూస్తాడు. ఆ అనుమానం నువ్వు పెట్టిందే. నీ నాటకానికి టికెట్టు డబ్బులు ఆమె కడుతోంది.

అయ్యా అధికారులూ, కర్ర ఊతంతో వచ్చే ముసలాయనను తాను దొంగ కానని రుజువు చేసుకోమంటున్నారు. సంతకాలు అమ్ముకున్నోళ్ల పేర్లు ముందు ఆసుపత్రి గోడకు అంటించండి. అందాకా ఆయనను ఒక్క మెట్టు కూడా ఎక్కించకండి.