నా ప్లగ్గు మీది ఎర్రబొట్టు

నన్ను అటక మీద చూసినవాళ్లు నమ్మరు గానీ, 1963లో తెనాలిలోని ఈ ఇంటికి నేనొచ్చినప్పుడు హాల్లో నాకోసం గాంధీగారి పటాన్ని పక్కకి జరిపారు. నాలుగు వాల్వుల ఏసీ-డీసీ రేడియోని నేను. ఫ్యాక్టరీలో నన్నెలా కూర్చారో అంతగా గుర్తులేదు. ఈ ఇంట్లో బిగించిన రోజు మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

మెకానిక్ గారు రాగానే స్విచ్చి వేస్తారని పిల్లలంతా చుట్టూ చేరారు. ఆయన నావైపు చూడకుండా డాబా ఎక్కారు. రెండు వెదురు గెడలు నిలబెట్టి, మధ్యన రాగితీగ లాగి, చివర్లలో పింగాణీ గుడ్లు కట్టారు. "వీధి కరెంటు తీగలకి ఇది ఎప్పుడూ దూరంగా ఉండాలండీ. తెగి వాటిమీద పడితే ఇల్లంతా కరెంటే" అని తాతగారికి చెప్పారు. బావి పక్కన ఇనప గొట్టం దిగేసి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోయించారు. ఉరుములు మొదలయ్యేలోపే ఏరియల్‌ని ఆ గొట్టానికి కలిపేందుకు కిటికీ దగ్గర ఓ కత్తి స్విచ్చి బిగించారు.

ఆ తర్వాత చేసిన పని చిన్నదే, కానీ నాకు అదే ముఖ్యం. ప్లగ్గు పెట్టి, నా ఛాసిస్‌కి, అంటే లోపలి ఇనప చట్రానికి, టెస్టర్ ఆనించారు. టెస్టర్‌లో దీపం వెలిగింది. ప్లగ్గు తీసి, తిరగేసి పెట్టారు. ఈసారి వెలగలేదు. జేబులోంచి ఎర్రరంగు సీసా తీసి ప్లగ్గు మీద ఒక చుక్క, గోడ బోర్డు మీద ఒక చుక్క పెట్టారు. "ఈ బొట్టూ ఆ బొట్టూ ఒకే వైపుండాలమ్మా" అన్నారు బామ్మగారితో. ఆరోజు నుంచి ఆ బొట్లు చూసుకునే పని బామ్మగారిదే.

ఎందుకో చెబుతాను. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లలో ఇంటి కరెంటు ఛాసిస్‌ని తాకదు. నాకు ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఇంట్లోంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి నేరుగా నా ఇనప ఒంటికే కలుస్తుంది. ప్లగ్గు ఒక వైపు పెడితే అది న్యూట్రల్. తిరగేస్తే నా ఒళ్లంతా 230 వోల్టులు. అందుకే నా గుండీలు బేకలైట్‌తో చేశారు. వాటి మరలు లోతుగా దిగి మైనం కప్పుకుని ఉంటాయి. వెనక చిల్లుల అట్టమూత ఉంటుంది. అందం కోసం పెట్టినవి కావివి, నాకూ మీ వేళ్లకీ మధ్య గోడలు.

ఆ గోడలు నిలిచినన్నాళ్లూ ఈ ఇంటికి నేనెంత మర్యాద తెచ్చానో! పొద్దున్నే విజయవాడ నుంచి భక్తిరంజని. ఆదివారం మధ్యాహ్నం పురాణాలు చెప్పే ఉషశ్రీగారి గొంతు వస్తుంటే అరుగు మీద చోటుండేది కాదు.

ఒకసారి నా నాలుగు వాల్వులూ ఒక్కసారే ఆరిపోయాయి. నాలుగూ పోయాయని తాతగారు కంగారుపడ్డారు. మెకానిక్ గారు నవ్వి, "సీరియల్ బల్బుల్లాగే, ఒకటి పోతే అన్నీ పోతాయి" అన్నారు. నిజమే. 19, 19, 50, 38 వోల్టులు చొప్పున అవి వరసగా పంచుకుంటాయి, మిగిలింది ఒక రెసిస్టర్ వేడిగా ఖర్చు చేస్తుంది. ఆయన స్విచ్చి ఆపి ఊరుకోలేదు, ప్లగ్గు పీకి కళ్లెదురుగా పెట్టుకున్నారు. నా పెద్ద కండెన్సర్లలో నిలిచిన కరెంటుని రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, మీటరుతో చూసి, అప్పుడు చెయ్యి పెట్టారు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే పొడి చెక్కపీట మీద నిలబడి, ఎడమ చెయ్యి వీపు వెనక ఉంచుకునేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని పక్కనున్న కుర్రాడికి చెప్పేవారు.

ఆయన పోయాక మరొకరి చేతిలో పడ్డాను. అతను నన్ను గుండీలు పట్టుకునే ఎత్తాడు. ఒక గుండీ ఊడింది, దొరకలేదు. అట్టమూత అతని కొట్లోనే ఉండిపోయింది. ప్లగ్గు వదులైందని కోసేసి కొత్తది బిగించాడు. దానికి బొట్టు లేదు. బామ్మగారు అప్పటికి మంచంలో ఉన్నారు.

తలంటుకుని వచ్చిన పదేళ్ల మనవరాలు తడి వేళ్లతో నా గుండీ లేని ఇనప కడ్డీ తిప్పింది. ఎగిరి గోడకి కొట్టుకుంది. బతికింది, నా అదృష్టం. ఆ సాయంత్రమే నాకు 'షాకు కొట్టే రేడియో' అని పేరొచ్చింది. ఆ పిల్లని నేను కొట్టలేదని చెప్పుకోవడానికి నాకున్న గొంతు ఒక్కటే, దాని ప్లగ్గు పీకేశారు.

అప్పటినుంచి అటక. డయల్ దారాన్ని ఎలుకలు కొరికాయి. డాబా మీది రాగితీగ పాత సామాన్లవాడికి పోయింది. చీకట్లో వేసవులు లెక్కపెట్టాను, తర్వాత మానేశాను.

మొన్న సంక్రాంతికి ఓ కుర్రాడు నన్ను దించి, దుమ్ము దులిపి, ప్లగ్గు పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచాడు. నాకు సంబరమూ భయమూ ఒక్కసారే వచ్చాయి. ఏళ్ల తరబడి ఎండిన కండెన్సర్లు నావి, ఒక్కసారిగా నిండు కరెంటు ఇస్తే పేలిపోవచ్చు. ముందు వాటిని మార్చాలి. తర్వాత సిరీస్ బల్బు గుండా కొంచెం కొంచెంగా కరెంటు పంపి చూడాలి.

"ఆగరా" అని వాళ్లమ్మ వచ్చి ప్లగ్గు లాక్కుంది. గొంతు గుర్తుపట్టాను. ప్లగ్గుని అటూ ఇటూ తిప్పి చూసి, పాత చెక్కబోర్డు మీది సున్నం గోటితో గీకింది. పొర కింద ఎర్రబొట్టు ఇంకా ఉంది.