నీకెవరు చెప్పిండ్రే?

2018లో గద్వాల, వనపర్తి పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లు మోగిపోయాయి. ముఠా జాడ లేదు గాని వీడియోలు మాత్రం దండిగా దొరికాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పల్లెలకు పోలీసులను కేటాయించి, వాళ్లను ఊరి గ్రూపుల్లో చేర్పించి, కళాకారులతో పాట కట్టించి మరీ చెప్పవలసి వచ్చింది, అది అబద్ధం నాయనా అని. స్మార్ట్‌ఫోన్‌లో వచ్చిన పుకారుకు డప్పే మందయింది!

అదే ఏడాది జూలైలో వాట్సాప్ కూడా ఒక మెసేజీని ఒకేసారి ఇరవై చాట్లకు మించి పంపకుండా లోకానికంతా గీత గీసింది. మన దేశానికి మాత్రం అప్పట్లో ఐదే. మన వివేకం మీద అంత గురి!

అబద్ధాన్ని ఆధారంతో ఎదుర్కొన్నవాళ్లూ ఉన్నారు. గద్వాల, వనపర్తి ఉన్న ఈ పాలమూరు గడ్డ మీదే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు కోపంతో ఊగిపోయి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. ఇప్పుడైతే అడ్మిన్‌తో తగాదా పెట్టుకుని గ్రూపులోంచి లేచిపోయేవాళ్లం.

అలా ఆధారాలతో రాయదలచినవాళ్లకు తెలుగు వికీపీడియా 2003 నుంచీ తలుపు తీసే ఉంచింది. ఎవరైనా రాయొచ్చు. కాకపోతే ఎవరేం మార్చారో పేజీ చరిత్రలో కనబడుతుంది, ఆధారమేదని నిలదీస్తారు. అందుకే అక్కడ జనం పల్చన.

అన్నా, ఫ్లోరైడు నీళ్లకు ఫలానా ఆకు రసమే మందని రేపు నల్లగొండ గ్రూపులో వస్తుంది. ముందుకు తోసేముందు పంపినోణ్ని ఒక్కమాట అడుగు: నీకెవరు చెప్పిండ్రే?