మైల్డు సూత్రానికి ముత్తుకూరు టీక

మూలం: “మైల్డ్ న్యూరాప్రాక్సియా. తగ్గిపోతుంది. 3 వారాల తర్వాత రండి.”

అవతారిక: నారుమడిలో పొద్దుగూకులూ గొంతుక్కూర్చొని నారు పెరికి, లేవబోతే కుడిపాదం పైకి లేవని మా ఎదురింటి వదినకు నెల్లూరు డాక్టరు దగ్గర దక్కిన చీటీ ఇది.

ప్రతిపదార్థం: ‘రండి’ సులభం గనుక వదిలేశాం. ‘ఫీజు’ మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి.

టీక: నరం తెగలేదు. మోకాలి కింద బయటివైపు ఎముక గుబ్బను చుట్టుకొనే చోట దానికి కండ అండ లేదు. గంటల తరబడి మోకాలు మడిస్తే అక్కడ నలుగుతుంది. లోపలి పోగు బాగానే ఉన్నా పైనున్న మైలిన్ పొర చెడి, పాదానికి పోవాల్సిన కబురు అక్కడే ఆగిపోతుంది. పొర మళ్లీ అల్లుకోవడానికి వారాలు, మహా అయితే మూడు నెలలు.

నరం దెబ్బను ఎన్ని మెట్లుగా లెక్కగట్టాలన్న దగ్గర మతభేదం ఉంది. 1943లో సెడన్ అనే వైద్యుడు త్రివిధవాది: పొర చెడడం, పోగు తెగడం, నరమే తెగడం. 1951లో ఆస్ట్రేలియా సండర్లాండ్ పంచవిధవాదంతో దిగాడు. పోగు తెగినా దాని గొట్టం మిగిలిందా, గొట్టాల కట్ట మిగిలిందా అని చీల్చి చూశాడు. ఎంత కమ్మని తర్కం! రెండో మెట్టు నుంచి పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పాకాలి. జానెడు దూరానికి ఏడు నెలలు. మొదటి మెట్టు దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. వదినది, అన్నట్టు వదిన సంగతి మరిచాం, ఆ మెట్టేనట.

‘3 వారాలు’ ప్రమాణమే. పోగు తెగి ఉంటే ఆ జాడ కండరంలో సూది పరీక్షకు దొరకడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ ముక్క చెప్పి ఉంటే ఆమె మర్నాడే అప్పు చేసి స్కానుకు పరిగెత్తేది కాదు.

అనవసరమైనది రాయనని సంస్కృత కావ్యాల టీకాకారుడు మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మన సూత్రకారుడు దాన్ని అవసరమైనదానికీ పొడిగించాడు. గొంతుక్కూర్చోవద్దనలేదు. కాలి మీద కాలు వేయొద్దనలేదు. పాదం వాలి మడమ వెనక బిగుసుకోకుండా రోజూ చేత్తో పైకి వంచమనలేదు, ఆసరాకు పట్టీ రాయలేదు. ఆమె మళ్లీ నారుకే పోయింది.

“తగ్గిపోద్దన్నాడు గదా అబ్బయా, ఎప్పటికంట?” అంది. గట్టు మీద చెప్పు జారిపోయినా తెలియని మనిషికి మూడు నెలల కూలి పోవడం ఏ మెట్టు కిందికొస్తుందో సండర్లాండూ చెప్పలేదు.

తాత్పర్యం: బలం రోజురోజుకూ తగ్గినా, రెండో కాలికీ పాకినా, మూత్రం పట్టు తప్పినా 3 వారాలు ఆగకుండా వెంటనే పోవాలి. ఇది రాయడానికి చీటీలో చోటు లేదనుకుందామంటే, వెనకవైపంతా ఖాళీ.