తీరిక దొరికితే న్యూయార్క్‌ను కాపాడడం ఎలా?

2004లో శామ్ రైమీ 'స్పైడర్‌మ్యాన్ 2' సినిమా వచ్చింది. దాంతోపాటే అదే పేరుతో వీడియో గేమూ వచ్చింది. ట్రేయార్క్ తయారుచేసింది, యాక్టివిజన్ అమ్మింది. సినిమాల పేరు చెప్పి అమ్ముకునే ఆటలు నాలుగు రోజుల్లో మూలన పడడం రివాజు. ఇది మాత్రం పడలేదు, ఇరవై ఏళ్లు దాటినా తలుచుకునేవాళ్లు తలుచుకుంటూనే ఉన్నారు. కారణం ఒకటే. మాన్‌హాటన్ అంతా మన ముందు పరిచి, ఎటైనా పొమ్మంటుంది. ఇంత స్వేచ్ఛ ఒక్కసారిగా చేతికొస్తే ఏం చేయాలో తోచక కొందరు బుద్ధిగా కథ పూర్తిచేసి కూర్చుంటారు. మీకా దుస్థితి పట్టకుండా ఈ సూచనలు.

1. ముందు డిస్కు చూసుకోండి

పేరొకటే గానీ ఆటలు వేరు. ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్‌ల మీద వచ్చింది ఒకటి. పీసీ మీద వచ్చింది మరో సంస్థ చేసిన ఇంకొకటి. అందులో మన ఇష్టమొచ్చిన చోట దారం వేస్తానంటే కుదరదు, వాళ్లు గుర్తుపెట్టిన చోటే వేయాలి. అప్పట్లో మన ఊళ్లలో ప్లేస్టేషన్ ఉన్న ఇళ్లకంటే కంప్యూటర్ ఉన్న ఇళ్లే ఎక్కువ కాబట్టి చాలామంది పిల్లలకు దక్కింది ఈ రెండోదే. మీ దగ్గరున్నదీ అదే అయితే సంతోషించండి. కింది సూచనల్లో ఒక్కటీ మీకు పనికిరాదు, చదివే శ్రమ తప్పింది.

2. గురువుగారి మాట పెడచెవిన పెట్టండి

ఆట మొదట్లో మీకు పాఠాలు చెప్పే గొంతు బ్రూస్ క్యాంప్‌బెల్‌ది. సినిమాలో ఆలస్యంగా వచ్చాడని మన స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్‌ను నాటకం హాల్లోకి రానివ్వకుండా గుమ్మంలోనే ఆపేసే మనిషి ఆయనే. ఇక్కడా ఆ ధోరణి మారలేదు. నేర్పడం కొంత, దెప్పడం మరికొంత. ఎత్తిపొడుపులు పడకపోతే పాఠాలు వదిలేసి వీధిలోకి దూకండి. కానీ గోడగోడకూ ఆయన సలహాలు వేలాడుతూనే ఉంటాయి. ఊరంతా తిరిగి వాటిని ఏరుకోవడమూ ఆటలో భాగమే. తిట్లు కూడా వెతుక్కుని మరీ తినాలన్నమాట.

3. ఊగడం నేర్చుకోండి, ఇంకేమీ నేర్చుకోకండి

2002లో వచ్చిన మొదటి ఆటలో దారం నేరుగా ఆకాశానికి అంటుకునేది. ఏ మేఘానికి ముడేశాడో అడిగేవాడు లేడు. వీధిలోకి దిగడానికీ లేదు, దిగితే ప్రాణం పోయినట్టే. ఈ రెండో ఆటలో జేమీ ఫ్రిస్ట్రమ్ అనే రూపకర్త పట్టుబట్టి ఆ వ్యవహారం మార్చాడు. ఇక్కడ దారం నిజంగా ఒక భవనానికి తగలాలి. కుడివైపు భవనానికి వేస్తే కుడివైపుకే లాక్కుపోతుంది. నది మీదికి పోయి మీట నొక్కితే దారం వేసుకోవడానికి ఏమీ ఉండదు. అంతటి వీరుడూ నీళ్ల ముందు సామాన్యుడే.

ప్లేస్టేషన్ మీద ఎక్స్ మీట నొక్కిపట్టి వదిలితే పైకి ఎగురుతాడు. గాల్లో ఉండగా ఆర్2 నొక్కితే దారం పడుతుంది. ఇక మిగిలింది ఎప్పుడు వదలాలన్నదే. అట్లతద్దినాడు ఊయల ఊగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అడుగుకు వచ్చి మళ్లీ పైకి లేస్తున్నప్పుడు వదిలితే ఎత్తూ దక్కుతుంది, వేగమూ దక్కుతుంది. కక్కుర్తిపడి చివరిదాకా పట్టుకుంటే ఊపంతా అయిపోయి గాల్లో నిలబడిపోతారు. ఎంపైర్ స్టేట్ భవనం మీద నుంచి తలకిందులుగా దూకి, కింద టాక్సీల పసుపు రంగు పెద్దదవుతుంటే ఆఖరి క్షణంలో దారం వేయడం వచ్చేసిందంటే మీ చదువు పూర్తయింది. ఊరికి మీవల్ల ఒరిగిందేమీ లేదు, అయినా ఫరవాలేదు.

4. ప్రజాసేవను పొదుపుగా వాడండి

ఈ మాన్‌హాటన్ జనానికి స్వయంగా ఏ పనీ చేతకాదు. భవనాల అంచులు పట్టుకుని వేలాడుతుంటారు. పడవలెక్కి ముంచుకుంటారు. చేతిసంచులు దొంగల చేతికిచ్చి కేకలేస్తారు. మొన్న కాపాడినతనిలాంటివాడే ఈరోజు మరో మేడకు వేలాడుతుంటాడు. ఒకసారి పైకెక్కాక దిగే దారి చూసుకోవాలన్న ఇంగితం ఎవరికీ ఉండదు. సాయం చేయమని పిలిచి, తీసుకెళ్లి రౌడీల మధ్య నిలబెట్టే పుణ్యాత్ములూ ఉన్నారు.

వీటన్నిటికంటే ఘోరం బెలూన్. ఎవరో పిల్లాడి చేతిలోంచి జారిపోతుంది. వాడి ఏడుపు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. బెలూనేమో తాపీగా పైకి పోతుంటుంది. విలన్ డాక్టర్ ఆక్టోపస్ నగరాన్ని బూడిద చేసేస్తాడన్న సంగతి పక్కనపెట్టి దాని వెంట పడాల్సిందే. ఎందుకంటే కథ ముందుకు కదలాలంటే హీరో పాయింట్లు కావాలి. వాటిని సంపాదించే మార్గాల్లో బెలూన్ తేవడమూ ఒకటి. లోకరక్షణకు కూడా కోటా పెట్టిన ఘనత ఈ ఆటదే.

5. పిజ్జా పని ఒప్పుకోకండి, ఒప్పుకున్నాక తప్పించుకోకండి

సినిమాలో పీటర్‌ది పిజ్జాలు చేరవేసే ఉద్యోగం. 29 నిమిషాల హామీ. దారాలు పట్టుకుని ఎగిరినా ఆలస్యమవుతుంది. చీపుర్లుండే గదిలోంచి పెట్టెలతో బయటికొస్తుంటే ఒకదాని మీద ఒకటి చీపుర్లు వచ్చి పడుతుంటాయి. చివరికి డబ్బులూ రావు, ఉద్యోగమూ పోతుంది. ఆటవాళ్లు దీన్నుంచి నేర్చుకున్న నీతి ఏమిటంటే, ఈ బాధ అందరికీ పంచాలని. గడియారం పరుగెడుతుంటే, 'ఫునికులి ఫునికులా' అనే ఇటలీ పాట బాణీ హుషారుగా మోగుతుంటే, మీరు పెట్టెలు పట్టుకుని వీధులు దాటాలి. ఆడినవాళ్లలో చాలామంది విలన్ల పేర్లు మరిచిపోయారు గానీ ఆ బాణీ మరవలేదు.

6. విలన్లను చూసి కంగారుపడకండి

ముఖ్యంగా మిస్టీరియోను చూసి. ఒక దుకాణంలో దోపిడీకి వచ్చి మీకు ఎదురుపడతాడు. తెర మీద అతని ప్రాణశక్తి పట్టీ నిండుతుంది. దానిపైన ఇంకోటి, ఆపైన మూడోదీ నిండుతాయి. మీ గుండె జారుతుంది. ఒక్క గుద్దు గుద్దండి, చాలు. మూడు పట్టీలూ ఖాళీ, మనిషి నేల మీద. మన సినిమాల్లో విలన్ రాకకు ముందు వినిపించే డప్పుల మోత ఎంతవరకు నమ్మాలో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

7. కథ చివర పెట్టుకోండి

టోబీ మగ్వైర్, కిర్‌స్టన్ డన్‌స్ట్, ఆల్‌ఫ్రెడ్ మొలీనా తమ పాత్రలకు తామే గొంతులిచ్చారు. కాదనం. కానీ ఆ కథలో ముఖ్యభాగం సినిమాగా రెండు గంటల ఏడు నిమిషాల్లో అయిపోతుంది, అందులో బెలూన్ల కోటా లేదు. కథ కావాలంటే సినిమా చూడండి. ఆట మాత్రం ఊగడానికే ఆడండి. కథ ముగిసినా ఊరు మూసేయరు. ఆ తర్వాత వచ్చిన స్పైడర్‌మ్యాన్ ఆటల్లో బొమ్మలు ఎంత నిగనిగలాడినా, దారం దేనికి తగిలిందో చూసి మెచ్చుకోవడమన్నది ఈ 2004 ఆటతోనే మొదలైంది.